మూడు షిఫ్టుల ఇంట్లో ఆఖరి కంచం

నాకు వచ్చిన జబ్బు రక్తహీనత అని ఆస్పత్రి చీటీ మీద రాశారు. ఆ పేరు నాకు నచ్చలేదు. నా ఒంట్లో నెత్తురు తనంతట తానే లేచి ఎటో వెళ్ళిపోయినట్టు ఉంటుంది ఆ మాట. ఎక్కడికీ పోలేదు. అసలు పట్టనేలేదు. పట్టాలంటే తిండి పెట్టాలి కదా! నన్నడిగితే దానికి 'అందరూ తిన్నాక తినడం' అని పేరు పెడతాను. ఇప్పుడు నా కూతురు పాకుతోంది, నీళ్ళ బకెట్టు మోసినా నాకు ఆయాసం రావడం లేదు, అందుకని కూర్చుని రాస్తున్నాను. కడుపుతో ఉన్న పిల్లలు దీన్ని చదివితే మంచిది. వాళ్ళ అత్తలు చదివితే ఇంకా మంచిది. మొగుళ్ళు ఎలాగూ చదవరు, ఎవరైనా దగ్గర కూర్చుని చదివి వినిపించండి.

మాది శ్రీకాకుళం జిల్లా. డెబ్బై ఏడులో పెళ్ళయి జంషెడ్‌పూర్ వచ్చాను, భాలుబాసాలో మా అత్తవారింటికి. రెండు గదులు, వెనక వంటిల్లని పిలుచుకునే రేకుల పంచ. ఇంట్లో ముగ్గురు మగాళ్ళు. మామది టాటా ఉక్కు కంపెనీ రోలింగు మిల్లులో పని. మా ఆయన కాంట్రాక్టరు కింద ఫర్నేసు దగ్గర. మరిది సింహాచలం టాటానగర్ రైల్వే షెడ్డులో. ముగ్గురివీ మూడు రకాల షిఫ్టులు, వారం వారం మారిపోయేవి. ఆడవాళ్ళం ఇద్దరం, మా అత్తా నేనూ. మా షిఫ్టు మాత్రం ఎప్పుడూ మారదు.

మా ఊళ్ళో కూడా ఆడవాళ్ళు మగవాళ్ళ తర్వాతే తింటారు. అదేం నాకు కొత్త కాదు. కానీ అక్కడ మగవాళ్ళందరూ పొలం నుంచి ఒక్కసారే వస్తారు, ఒక్క బంతిలోనే కూర్చుంటారు, కాసేపట్లో మన వంతు వచ్చేస్తుంది. కూర అడుగంటితే అంటుతుంది గానీ పూట తప్పదు. మా అత్తవారు ఆ పద్ధతిని ఊరి నుంచి మూటగట్టి తెచ్చుకుని కంపెనీ షిఫ్టుల మధ్యలో పెట్టుకున్నారు. పొద్దున్న ఒకడు డ్యూటీ దిగుతాడు, మధ్యాహ్నం రెండింటికి ఒకడు, రాత్రి పదింటికి ఒకడు. మగాళ్ళు తిన్నాకే తినాలి, సరే. ఈ ఇంట్లో మగాళ్ళు తినడం ఎప్పటికి పూర్తవుతుంది? ఎప్పుడు చూసినా ఇంకా తినాల్సినవాడు ఒకడు దారిలో ఉంటాడు. వాడొచ్చి తిని చెయ్యి కడుక్కునేసరికి ఇంకొకడు నిద్ర లేచి కంచం ముందు కూర్చుంటాడు.

"ఆకలేస్తోందత్తా" అని కొత్తలో ఒకరోజు నోరు తెరిచి అన్నాను.

"సిన్నోడు రానేదు కదే. ఆడు తినకండా మనమెలాగ తింతాం? టీనీల్లు తాగు, ఆగుద్ది" అంది మా అత్త.

మా ఇంట్లో ఆడవాళ్ళ ఆకలికి టీయే మందు. పొయ్యి మీద టీ గిన్నె దిగేది కాదు. పొద్దున టీ, పది గంటలకి టీ, ఆకలి మరీ నలిపేస్తే ఇంకో టీ. చివరికి ఏ మూడింటికో మేమిద్దరం కూర్చుంటే అడుగున మాడు, పులుసులో చేపముక్క పోయి చేప వాసన. ఆ అన్నం మీద కూడా మళ్ళీ టీ. మా అత్త నన్ను కూర్చోబెట్టి తను దొంగతనంగా తిందని మాత్రం చెప్పను. ఆవిడ నాకంటే తక్కువే తినేది. అది చూసి నేను నోరెత్తలేకపోయేదాన్ని.

మా పుట్టింట్లో పొద్దున్నే చోడి అంబలి, రాగి జావ అంటారే అది, తాగేవాళ్ళం. ఒకసారి ఆ మాట ఎత్తితే మా అత్తకి సిగ్గు ముంచుకొచ్చింది. ఇక్కడ చోళ్ళని మడువా అంటారు, పనిలోకి వచ్చే ఆదివాసీ కూలీలు తింటారు. "ఓలమ్మా! కంపెనీ ఉజ్జోగమోల్లం, మడువా తింతామా? ఇరుగూ పొరుగూ ఏటనుకుంతారు?" అంది. తెల్లన్నం తింటే పట్నం వాళ్ళం అయిపోతాం కాబోలు. ఇరుగూ పొరుగూ నా ముఖం తెల్లన్నం కంటే తెల్లగా అవడం చూశారు గానీ దానికేమీ అనుకోలేదు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలం మొదట్లో నెల తప్పాను. అప్పుడు మొదలయ్యాయి నిషేధాలు. ఆకుకూర వద్దు, బిడ్డకి శీతలం చేస్తుంది. గుడ్డు వద్దు, వేడి. బెల్లం వద్దు, అదీ వేడే. మునగాకు పేరు ఎత్తకూడదు. బొప్పాయి సంగతి సరేసరి. కడుపు నిండా తినకూడదు, బిడ్డ పెద్దదైపోతే కానుపు కష్టం. వేడీ కాకుండా శీతలమూ కాకుండా ఏం మిగిలిందా అని చూసుకుంటే అన్నమూ చారూ మిగిలాయి. అదైనా మూడింటికి.

డిస్పెన్సరీ నర్సు ఇంటింటికీ తిరుగుతూ నాకు ఇనుము మాత్రలు ఇచ్చింది. నాలుగు రోజులు వేసుకున్నాక విరేచనం నల్లగా అయింది. భయపడి మా అత్తకి చెప్పాను. ఆవిడ గుండెలు బాదుకుంది.

"లోపల అంత నల్లగైపోతే పిల్లేటి తెల్లగ పుడద్దా? పారీయ్, పారీయ్!"

మాత్రలన్నీ వీధి కాలవలో పోశాం. పిల్ల నల్లగా పుడుతుందని భయపడ్డారే, అసలు పుడుతుందో పుట్టదో అని ఒక్కరికైనా అనిపించిందా? ఒళ్ళు మండిపోతుంది తలుచుకుంటే. ఆ నర్సు మాత్రం ఏం చేసింది, చేతిలో పొట్లం పెట్టి పక్కింటికి వెళ్ళిపోయింది. దొడ్డికి నల్లగా అవుతుంది, భయపడకమ్మా అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె నోటి ముత్యాలేం రాలిపోయేవి?

వానాకాలం వచ్చేసరికి నాకు మట్టి పిచ్చి పట్టింది. పైకి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, దాచితే ఈ రాతకి అర్థం లేదు. బొగ్గు పొయ్యికి పూసిన మట్టి కాలి ఎర్రగా పెచ్చులూడుతుందే, ఆ పెచ్చులు. దాని వాసన వస్తే నోట్లో నీళ్ళూరేవి. చెంగున కట్టుకుని రోజంతా కొరుక్కునేదాన్ని. మా అత్త చూసి నవ్వింది. "వేవిల్ల కోరికే, నానూ తిన్నాను" అంది. కడుపులో పడాల్సింది పడకపోతే ఒళ్ళు మట్టిని కూడా అడుగుతుందని మా ఇద్దరికీ తెలియదు. పిండివంట అడిగిన కోడలి మీద కోప్పడతారు గానీ మట్టి తినే కోడలిని చూసి ముచ్చటపడతారు మన ఇళ్ళల్లో.

తర్వాత కాళ్ళు పొంగాయి. కూర్చుని లేస్తే కళ్ళ ముందు చీకటి. చెవుల్లో ఎప్పుడూ రైలింజన్ హోరు. కుళాయి దగ్గర నుంచి వంటింటికి బకెట్టు తేవాలంటే మధ్యలో రెండు చోట్ల గోడకి ఆనుకునేదాన్ని. నాలుక పాలిపోయింది, గోళ్ళు పెళుసెక్కి చిప్పల్లా వంగాయి. "ఊరంతా ఇనుమే, నీ ఒంట్లో లేదేటి?" అని చమత్కారం చేసినవాళ్ళు చాలామంది. మా మామ కూడా చేశాడు. తనేదో మొట్టమొదట కనిపెట్టినట్టు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా పక్కవాటాలో ఒరియా ఆవిడ ఉండేది. అందరూ కుంతల మౌసి అనేవాళ్ళం, పిన్ని అన్నమాట. మొగుడు పోయాడు, కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడ ఒకరోజు పిట్టగోడ మీదుగా నా ముఖం చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, గిన్నెలో తోటకూర వేపుడూ రెండు మడువా రొట్టెలూ తెచ్చి ఇచ్చింది. తోటకూరని వాళ్ళు కొసలా శాగ్ అంటారు. "ఖా, బేటీ. ఇక్కడే నిలబడి ఖా" అంది, తెలుగూ హిందీ కలిపేసి. గోడ దగ్గరే నిలబడి తిన్నాను. కళ్ళంట నీళ్ళు కారాయి, కారం వల్ల కాదు.

అలా నాలుగైదుసార్లు అయ్యాక మా అత్త కంట పడింది. గిన్నె లాక్కుని గోడ మీద ఠక్కుమని పెట్టింది.

"మా ఇంట్లో కూడు నేదేటి, దానికి పరాయోల్లు పెట్టడానికి?" అని మౌసి మీద ఎగిరింది.

"ఉంది దీదీ. ఎప్పుడు పెడతావ్?" అంది మౌసి. అంతే అంది.

సాయంత్రం మా ఆయనతో చెప్పుకున్నాను. ఆయాసంగా ఉంది, భయంగా ఉంది, బిడ్డ సరిగ్గా కదలడం లేదన్నాను. చెప్పులు విప్పుకుంటూ విన్నాడు. "అమ్మకి తెలీదేటి? నలుగుర్ని కన్నాది. నానేటి సెప్తాను అమ్మకి? ఛోడ్ దో" అన్నాడు. ఛోడ్ దో! వదిలెయ్యడానికి నా కడుపులో ఉన్నది ఎవరి బిడ్డ? ఆ మాట గొంతు దాకా వచ్చింది గానీ, అనడానికి కూడా ఊపిరి చాల్లేదు.

దుర్గాపూజ పందిళ్ళు వేస్తున్న రోజుల్లో కుళాయి దగ్గర పడిపోయాను. ఎనిమిదో నెల. తెలివి వచ్చేసరికి మౌసి ఒళ్ళో తల ఉంది, సింహాచలం రిక్షా తెచ్చాడు. అప్పుడే డ్యూటీ దిగి కంచం ముందు కూర్చున్నవాడు ఎంగిలిచేత్తోనే పరిగెత్తాడట. ఇరవై ఏళ్ళవాడు, నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేవాడు. "భాభీ, ఆంఖ్ మత్ బంద్ కరో" అంటూనే ఉన్నాడు, కళ్ళు ముయ్యొద్దని, దారి పొడుగునా. నన్ను పట్టుకుని పక్కన మా అత్త కూర్చుంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికో మొక్కుతోంది.

ఆస్పత్రి వరండా గురించి చెప్పాలి. బెంచీల మీద, కింద, మెట్ల మీద కడుపులతో ఆడవాళ్ళు. బిహారీలు, ఒరియావాళ్ళు, బెంగాలీలు, మనవాళ్ళు. ముసుగులు తీసి చూస్తే అందరివీ ఒకటే ముఖాలు, సున్నం వేసినట్టు. భాషలు వేరు, వంటలు వేరు, ఆఖరి కంచం మాత్రం అన్ని ఇళ్ళలోనూ ఒకటే కాబోలు. మగాళ్ళు బయట చెట్టు కింద పకోడీలు తింటూ బీడీలు కాలుస్తున్నారు. సోనారి బస్తీ నుంచి వచ్చిందట, ఎవరో పేరు తెలియని ఆవిడ, తనకీ నెలలు నిండాయి, అయినా లేచి నన్ను బెంచీ మీద పడుకోబెట్టి, వాచిన నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా పేరు పిలిచేదాకా దించలేదు. ఆవిడ ఏమైందో, బిడ్డ ఏమైందో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. నా కింది కనురెప్ప లాగి చూసి, ఇంకేమీ చూడకుండానే నర్సుని పిలిచింది. రక్తం ఎక్కించాలి, ఆలస్యమైతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అంది. ఆ మాట నా ముందే అంది. చచ్చిపోతానని కాదు, బిడ్డ లోపల ఉండగానే పోతానని భయం. నాతో పాటు అదీ చీకట్లో ఉండిపోతుంది కదా అని. కడుపు మీద చెయ్యి వేసి, కదలవే, ఒక్కసారి కదలవే అని బతిమాలుకున్నాను.

ఇంట్లోవాళ్ళు ఎవరైనా రక్తం ఇవ్వాలన్నారు. కబురు వెళ్ళి మామా, మా ఆయనా వచ్చారు. ముగ్గురు మగాళ్ళూ నా మంచం పక్కన వరసగా నిలబడ్డారు. ఎన్ని కంచాలు వడ్డించానో ఆ ముగ్గురికీ! ఒక్కడూ చొక్కా చెయ్యి పైకి మడవలేదు. రక్తం తీస్తే మళ్ళీ పట్టదని, మగాడు నీరసపడిపోతాడని బస్తీలో అందరికీ నమ్మకం. మా అత్త వాళ్ళకి అడ్డంగా నిలబడింది.

"ఫర్నేసు కాడ నిలబడీ ఒల్లమ్మా ఆడిది. తీత్తే పడిపోతాడు. సిన్నోడికి పెల్లి కావాల. ఆ ముసిలాయన్ది ఏటి తీత్తారు?"

కొడుకు తల్లి చాటున నిలబడ్డాడు, తండ్రి పెళ్ళాం చాటున నిలబడ్డాడు. సింహాచలం ఒక్కడు "నాది తీయమను" అని గొణిగాడు, ఆవిడ కసిరేసరికి తల దించుకున్నాడు. నేను మంచం మీద నుంచి అన్నీ వింటున్నాను. అప్పుడు నాకు వచ్చిన కోపం జన్మలో ఎప్పుడూ రాలేదు. లేచే బలం ఉంటే ఆ సీసా స్టాండు తీసి కొట్టేదాన్ని ముగ్గుర్నీ.

అప్పుడు మా అత్త ఒక పని చేసింది. ఇన్నాళ్ళూ నన్ను మాడ్చిన మనిషి, గాజులు మోచేతి పైకి తోసి, డాక్టరమ్మ ముందు చెయ్యి చాపింది.

"హమారా లేలో" అంది వచ్చీరాని హిందీలో. "బేటా లోగ్ కా మత్ లో. కొడుకులది వొద్దు, నాకేటవుద్ది? నాది తీయండి."

తీసుకెళ్ళారు. సింహాచలం కూడా వెళ్ళి, తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. వేలు గుచ్చి నెత్తుటి చుక్క ఒక నీలం నీళ్ళ గ్లాసులో వేస్తారట. చుక్క మునిగితే ఆ మనిషి రక్తం ఇవ్వచ్చు. మా అత్త చుక్క మునగలేదు. ఇంకో వేలు గుచ్చారు. అదీ మునగలేదు. పైనే తేలుతూ ఉండిపోయింది.

డాక్టరమ్మ వార్డులోకి విసురుగా వచ్చింది. వెనకాలే మా అత్త, వేలికి దూది పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా. డాక్టరమ్మ మా మామ కేసి చూసి హిందీలో అడిగింది.

"మీ ఇంట్లో సంపాదించేవాళ్ళు ఎంతమంది?"

"ముగ్గురం" అన్నాడు మామ, కాస్త గొప్పగానే.

"ముగ్గురు సంపాదించే ఇంట్లో ఒంట్లో నెత్తురున్న ఆడది ఒక్కతి లేదా? ఈమెకి ఇవ్వడానికి వచ్చిన ఆమెని కూడా మంచం ఎక్కించాలి. ఎప్పుడు తింటారు మీ ఇంట్లో ఆడవాళ్ళు? ఏం తింటారు?"

మామ మా ఆయన కేసి చూశాడు. మా ఆయన సింహాచలం కేసి చూశాడు. ఒక్కడికీ జవాబు తెలియదు. నిజంగానే తెలియదు! ఒకే కప్పు కింద ఉంటూ, నేను అన్నం తింటుండగా ఆ ముగ్గురిలో ఒక్కడూ ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు చూసే వేళకి మేం వడ్డిస్తూ ఉంటాం కదా.

మా ఆయన చొక్కా చెయ్యి మడిచాడు. అతనిదీ నాదీ ఒకే గ్రూపు అని తేలింది. వణుక్కుంటూ వెళ్ళాడు, ఇచ్చాడు, బిస్కట్లు తిని టీ తాగాడు, మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. ఏమీ కాలేదు. దీనికోసమా నేను చావబోయింది! సింహాచలం ఆ తర్వాత వెళ్ళి ఇచ్చి వచ్చాడు, తల్లికి చెప్పకుండా.

సీసాలోంచి నెత్తురు దిగుతుంటే చల్లగా చేతిలోకి పాకినట్టు అనిపించింది. సాయంత్రానికి చెవుల్లో హోరు తగ్గింది. కడుపులో బిడ్డ ఒక్క తన్ను తన్నింది. అబ్బ, ఎంత హాయిగా ఏడ్చానో!

మర్నాడు డాక్టరమ్మ వచ్చినప్పుడు మా అత్త నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. డాక్టరమ్మ నాకు చెబుతోంది, ఆకుకూర తిను, గుడ్డు తిను, మడువా తిను, అన్నం మీద టీ తాగకు, మాత్రలు మానకు అని. చెప్పి వెళ్ళబోతుంటే మా అత్త నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"ఆవిణ్ణి అడుగే. పెద్దోడి ముందర నాకిద్దరు పుట్టి పోనారు. మగగుంటడొకడు, ఆడగుంటొకర్తె. పిట్టపిల్లల్లాగ ఉండీవోరు, ఏడుపు కూడా వచ్చీది కాదు. ఆల్లిద్దరూ ఇందుకే పోనారేటో అడుగు."

నాకా సంగతి తెలియనే తెలియదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అననే లేదు. మా ఆయన నలుగుర్ని కన్నది అంటే మాటవరసకి అన్నాడనుకున్నాను, నేనూ ఎప్పుడూ అడగలేదు. హిందీలో అడిగాను. డాక్టరమ్మ మా అత్త కేసి తిరిగింది. ఆ పిల్లల్ని నేను చూడలేదమ్మా, ఖాయంగా చెప్పలేను, కానీ తల్లికి తిండి లేకపోతే, ఒంట్లో రక్తం లేకపోతే అలాంటి పిల్లలే పుడతారు, అలాగే పోతారు అంది. నేను తెలుగులో చెబుదామని నోరు తెరిచేలోగానే మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది, ఆ మాత్రం హిందీ వచ్చు ఆవిడకి.

"దేవుడు తీసుకెల్లిపోనాడన్నారే నాతో" అంది గోడకేసి చూస్తూ. "అందరూ అలగే అన్నారు."

నన్ను కానుపు దాకా ఆస్పత్రిలోనే ఉంచారు. దీపావళి నాటి కాళీపూజ వెళ్ళాక నాకు ఆడపిల్ల పుట్టింది. చిన్నది, చేట నిండా కూడా లేదు, కానీ ఆస్పత్రి లేచిపోయేలా ఏడ్చింది. మా అత్త ఆ ఏడుపు విని వరండాలో కూలబడిపోయిందట. మౌసి పట్టుకుందట. మా ఇద్దర్నీ మరికొన్నాళ్ళు అక్కడే ఉంచి పంపారు.

ఇంటికి వచ్చిన మర్నాడు. మధ్యాహ్నం మామకి డ్యూటీ దిగే వేళ. మా అత్త వంటింట్లో రెండు పీటలు వాల్చింది. రెండు కంచాల్లో అన్నం, తోటకూర పప్పు, చేపల పులుసు, పులుసులో ముక్కలు. నన్ను ఒక పీట మీద కూర్చోబెట్టి తను రెండోదాని మీద కూర్చుంది. బాలింతకి చేపలేమిటని పొరుగు తెలుగావిడ ఎవరో అనబోతే, నీ పని చూసుకో అంది. మేం కలిపి ముద్ద ఎత్తేసరికి మామ సైకిలు ఆపి, కాళ్ళు కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఖాళీ పీట కోసం చూశాడు, తన కంచం కోసం చూశాడు.

"అన్నం?" అన్నాడు.

"ఉన్నాది. అల్లక్కడ కూకో. మేం తింతన్నాం" అంది మా అత్త, తల ఎత్తకుండా.

మామ అలాగే నిలబడ్డాడు, కాళ్ళ నుంచి నీళ్ళు గచ్చు మీద కారుతుండగా. నాకు అలవాటు చొప్పున చెయ్యి ఆగిపోయింది. లేచి వడ్డించబోయాను. మా అత్త నా భుజం పట్టి కిందకి లాగి కూర్చోబెట్టింది, తన కంచంలోంచి పెద్ద ముక్క తీసి నా కంచంలో వేసింది.

"తిను. ఇద్దరు గుంటల్ని మట్టిలో ఎట్టొచ్చినాను నాను. ఆ మనిసి ఒక్క పూట ఆగలేడేటి?"